ఎవరు తవ్వారీ కాలవ

తెగుసిగల్పా,
ఫిబ్రవరి 1995

దొమితిలా అక్కకి,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు ముంగియా చేతికిస్తున్నాను. పోస్టులో వేస్తే మన ఊరికి ఎప్పుడు చేరుతుందో ఆ దేవుడికే తెలియాలి. చదివి మడిచి పొయ్యిలో పెట్టకుండా జవాబు రాయి.

శుభవార్త. మా సంస్థలో నన్ను పై మెట్టెక్కించారు. విదేశాల నుంచి కాలేజీ పిల్లలు సేవ చేస్తామని వస్తారు చూడు, ఆ బృందాలన్నీ ఇకమీదట నా చేతి కిందే. మార్చిలో వాళ్ళకి సెలవులు. ఒక బృందాన్ని ఏ ఊరికి పంపాలా అని మీటింగులో అడిగితే నేను లేచి కెబ్రాదా ఓందా అని చెప్పాను. మన ఊరి పేరు ఆ గదిలో పలకడం అదే మొదటిసారి. వాళ్ళు వారం రోజులు బడిలో పడుకుంటారు, మీరు నీళ్ళ గొట్టాల కోసం తవ్వుతున్న కాలవలో పని చేస్తారు.

అన్నిటికంటే ముందు నీ వంతే తవ్విస్తాను. బావ చెరుకు కోతలకి పోయి కూర్చున్నాడు, నువ్వొక్కదానివీ ఆ రాతి నేలలో ఏం తవ్వుతావు? చెల్లెలు ఉన్నందుకు ఈ మాత్రం సుఖపడు.

నీకు కొన్ని సంగతులు ముందే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. పందిని కట్టేయి. వాళ్ళకిచ్చే నీళ్ళు మరగబెట్టు. అంచు విరిగిన కప్పుల్లో కాఫీ పోయకు. ఫోటో తీస్తామంటే నవ్వు, కనీసం మూతి బిగించుకోకు. వాళ్ళేదన్నా ఇస్తే పుచ్చుకో. నీ ధోరణిలో నువ్వు మాట్లాడి నా పరువు తీయకు.

నోల్వియా

*

కెబ్రాదా ఓందా,
ఫిబ్రవరి చివర

పై మెట్టెక్కిన మా చెల్లికి,

నీ ఉత్తరం చేరింది. ముంగియా దాన్ని సీటు కింద పెట్టుకుని తెచ్చాడు, డీజిలు వాసన కొడుతోంది. మీ ఆఫీసు వాసన కంటే నయమే.

ఒకటే అడుగుతాను. నన్నడిగావా? మీటింగులో లేచావు, ఊరి పేరు చెప్పావు, నా వంతు తవ్విస్తానన్నావు. ఈ మధ్యలో ఎక్కడైనా, మా అక్కకి ఇష్టమేనా అని ఒక్క ముక్క అనుకున్నావా?

నీకు మర్చిపోయే వయసు రాలేదు కాబట్టి మర్చిపోయినట్టు నటిస్తున్నావనుకుంటాను. అందుకే మళ్ళీ చెబుతున్నాను. ఈ ఊళ్ళో ఎవరి వంతు కాలవ వాళ్ళ ఇంటివాళ్ళే తవ్వాలి. ఇంట్లో ఎవరు పలుగు పట్టి తవ్వితే కుళాయి వాళ్ళ పేరు మీద. నీళ్ళ సంఘం మీటింగులో లేచి మాట్లాడే హక్కూ వాళ్ళదే. అమ్మ బతికినన్నాళ్ళూ సంఘం మీటింగులకి బయట గోడవార నిలబడి చెవులు రిక్కించుకుని విన్నది. లోపల నాన్న నిద్రపోయేవాడు. ఎండాకాలంలో పాత గొట్టం నీళ్ళు ఏ వీధికి ముందు వదలాలో నిద్రపోయేవాడు చెప్పేవాడు, అవి మన ఇంటిదాకా రాక లోయలోంచి బిందె మోసేది ఆవిడ.

మీ బావ సెకుందినో కోతలకి పోతూ, వచ్చాక నేను తవ్వుతాలే అన్నాడు. వద్దన్నాను. ఈ వంతు నాది, ఈ కుళాయి నా పేరున రావాలి అన్నాను. జనవరి నుంచి తవ్వుతున్నాను. మొదట్లో మగాళ్ళు దారిన పోతూ ఆగి నవ్వారు. కింది వీధావిడ కలిస్తా అయితే, "నీ మొగుడికి చెరుకులోనే ఇంకో సంసారం దొరికిందా ఏం, నువ్వు పలుగెత్తావు" అంది. ఇప్పుడు సగం దాటింది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

మీ పిల్లలు వస్తే రానీ. బడికి సున్నం వేయించుకో, బంతి ఆడించుకో. నా కాలవలో ఒక్కడు కాలు పెట్టినా ఊరుకోను. పందిని కట్టేస్తాను, దానికి మర్యాద తెలుసు.

దొమితిలా

*

తెగుసిగల్పా,
మార్చి మొదట్లో

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎక్కడైనా ఒక మంచి మాట ఉంటుందేమోనని వెతికాను. పోనీలే.

అన్నీ ఖాయమైపోయాయి. పిల్లలు టిక్కెట్లు కొనుక్కున్నారు, కొత్త బూట్లు కొనుక్కున్నారు, ఒకమ్మాయి మన భాషలో నాలుగు ముక్కలు కూడా నేర్చుకుందట. వాళ్ళని ఇప్పుడు సున్నం వేయండి అంటే నా మొహాన ఉమ్మేస్తారు, వాళ్ళు తవ్వడానికి వస్తున్నారు. నేనూ వాళ్ళతో వస్తున్నాను.

నీ పేరు, నీ హక్కు అని పెద్ద మాటలు రాశావు. నీళ్ళు ఇంట్లోకి రావడం ముఖ్యమా, కుళాయి మీద ఎవరి పేరుందన్నది ముఖ్యమా? బిందె మోసి మోసి నీ నడుం ఏమైందో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఆ లోయ దారిలో నువ్వు పడిపోయి కడుపు పోగొట్టుకున్న రోజున నేనక్కడే ఉన్నాను. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. నీ పౌరుషాన్ని ఆ వారం రోజులు అటక మీద పెట్టు.

నోల్వియా

*

కెబ్రాదా ఓందా,
మార్చి

నోల్వియాకి,

ఆ పాత సంగతి ఎత్తి నా నోరు మూయించాలనుకున్నావు. అది వేరే లెక్క, దాని సంగతి తర్వాత చూస్తాను. ముందు దీనికి సమాధానం చెప్పు.

బుధవారం నాకు లా ఎస్పెరాన్సా పట్నంలో పనుండి పొద్దున్నే బస్సెక్కాను. ఏం పని అని అడక్కు, నీకనవసరం. నువ్వు బడి దగ్గర నిలబడి నేను బస్సెక్కడం చూశావు. చెయ్యి కూడా ఊపావు. నేనూ ఊపాను, నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

సాయంత్రం దిగి ఇంటికొచ్చేసరికి నా కాలవ అయిపోయింది. మొత్తం. పైనుంచి కిందిదాకా. తవ్వని సగం తవ్వేశారు. నేను తవ్విన సగాన్ని కూడా చక్కగా లేదని వెడల్పు చేసి, అంచులు చెక్కి, అద్దంలా చేసిపెట్టారు. నా పలుగు దెబ్బ ఎక్కడుందో వెతికినా కనబడలేదు. మట్టి గుట్ట మీద ఎవరో పూలు కూడా గుచ్చారు. అందరూ పాట పాడుతున్నారు. నువ్వు నన్ను చూసి జీపెక్కి, సామాను తేవాలంటూ పోయావు.

అసలు కథ వినవే. వాళ్ళలో ఎర్ర జుట్టు పిల్ల, నాలుగు ముక్కలు నేర్చుకుందన్నావే, ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకుని వలవలా ఏడ్చింది. "మీ ఆయన చనిపోయారు. మాకు చాలా బాధగా ఉంది" అంది. నేను ఊళ్ళో లేని పూట కబురొచ్చిందనుకున్నాను. చెరుకు బండి మీద పడిందో, పాము కరిచిందో, కొడవలి తగిలిందో, ఒక్క క్షణంలో అన్నీ అనుకున్నాను. అక్కడే మట్టిలో కూలబడి గుండెలు బాదుకున్నాను. వాళ్ళు దాన్ని కూడా ఫోటో తీశారు.

కలిస్తా వచ్చి నన్ను లేపింది. ఆవిడ చేతిలో లేవాల్సొచ్చిన కర్మ చూడు. "ఏడవకు, నీ మొగుడు బతికే ఉన్నాడు. నీ చెల్లెలే నిన్ను విధవని చేసింది, వాళ్ళ కాగితాల్లో అలా రాసుకుందట. పొద్దున వాళ్ళ జీపు డ్రైవరు చెప్పాడు" అంది. అప్పుడు ఊరంతా నవ్వింది. నేను కాలవలోకి చూస్తూ కూర్చున్నాను.

మిగతా ఇళ్ళవాళ్ళు గట్టున నిలబడి అంతా చూశారట. ఎందుకు ఆపలేదు అని అడిగితే, "ఇంటి ఆడపడుచే దగ్గరుండి చూపించింది, మాకేం తెలుసు" అన్నారు. వాళ్ళ తప్పు కాదు. ఇంటిదే ఇంటిని అమ్ముతుంటే పొరుగువాడు ఏం చేస్తాడు?

దొమితిలా

*

తెగుసిగల్పా,
మార్చి

అక్కకి,

విధవ అన్న మాట నేను రాసినమాట నిజం. మా సంస్థ విధవల ఇళ్ళకి ముందు సాయం చేస్తుంది. బావ ఏడాదిలో సగం ఇంట్లో ఉండడు కదా, ఒక మాట అటూ ఇటూ అయితే ఏమైందిలే అనుకున్నాను. నువ్వలా కూలబడతావని అనుకోలేదు. అందుకు నాకు బాధగానే ఉంది. దీన్ని పదిసార్లు రాయించుకోకు, ఒకసారి రాశాను.

కానీ మిగతాదానికి నేను తలవంచను. ఆ పిల్లల చేతులు బొబ్బలెక్కాయి. వాళ్ళలో ఒకడికి వడదెబ్బ తగిలి బడిలో వాంతులు చేసుకున్నాడు. అయినా ఎండ తగ్గగానే మళ్ళీ వచ్చి పలుగు పట్టాడు. వెళ్ళేముందు నీకు వీడ్కోలు చెప్పాలని నీ గుమ్మం ముందు వరసగా నిలబడితే నువ్వు తలుపేసుకున్నావు. లోపల్నుంచి గడియ పెట్టిన చప్పుడు అందరికీ వినబడింది. ఎర్ర జుట్టు పిల్ల, నేనేమైనా తప్పు మాట్లాడానా అని దారంతా అడిగింది. ఏమని చెప్పను? మా అక్కకి సాయం చేస్తే గిట్టదని చెప్పనా?

కాలవ తయారైంది. లోతు సరిగ్గా ఉంది. ఎవరు తవ్వారో నీళ్ళకేం తెలుసు? పోయించుకుని తాగు.

నోల్వియా

*

కెబ్రాదా ఓందా,
మార్చి చివర

నోల్వియాకి,

నీళ్ళకి తెలియదు. లాచో బాబాయికి తెలుసు.

నిన్న కాలవ చూసే రోజు. గొట్టాలు దించే ముందు సంఘం పెద్ద ఊరందరినీ వెంటబెట్టుకుని పై నుంచి కిందిదాకా నడుస్తాడు, ఒక్కో వంతు దగ్గర ఆగి అడుగుతాడు, తవ్వినవాళ్ళు జవాబు చెబుతారు. చిన్నప్పుడు మనిద్దరం వెనకాల పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు బాబాయే సంఘం పెద్ద. మన రక్తమే కదా చూసీ చూడనట్టు పోతాడని ఒక మూల ఆశపడ్డాను. ఆయన నా వంతు దగ్గర ఆగాడు.

"ఎవరు తవ్వారమ్మా ఈ కాలవ?" అన్నాడు.

"నేను" అని ఒక్క మాటంటే సరిపోయేది. నా నోట్లో సిద్ధంగానే ఉంది. కానీ ఊరంతా చూసిన పనికి నేను అబద్ధం చెబితే, రేపు ఆ మీటింగులో లేచి నేను చెప్పే ఏ మాట నిలబడుతుంది?

"సగం నేను తవ్వాను బాబాయ్. మిగతా సగం నా చెల్లెలు తెచ్చిన పిల్లలు తవ్వారు" అన్నాను.

"ఏ సగం నీది?"

చూపించలేకపోయాను. అంతా ఒక్కలా ఉంది. కలిస్తా వెనక నుంచి, "అడుగు విధవమ్మని, పూలు గుచ్చిన సగం ఆవిడదేమో" అంది. మళ్ళీ నవ్వులు.

బాబాయి నవ్వలేదు. "నీ మీద కోపం లేదమ్మాయ్. ఇవాళ నీకు ఇది ఒప్పుకుంటే, రేపు ప్రతివాడూ ఎవరో ఒకరిని పిలిచి తవ్వించుకుని నీడన కూర్చుంటాడు. వానకి గొట్టం పగిలితే అప్పుడెవరొస్తారు? ఆ పిల్లలు విమానమెక్కి వస్తారా? తవ్వినవాడే నెలనెలా ఊరి పనికి రావాలి, బాగు చేయాలి. అందుకేగా పేరు" అన్నాడు.

ఏం తీర్పు చెప్పాడో విను. ఆ కాలవ పూడ్చేయాలి. ఈ ఇంటివాళ్ళే మళ్ళీ తవ్వాలి. వానలు పడేలోపు అవ్వాలి. అవ్వకపోతే గొట్టాన్ని కలిస్తా పెరట్లోంచి తిప్పి కిందికి తీసుకుపోతారు. అంటే మా ఇంటికి నీళ్ళు ఉండవు, ఇప్పుడే కాదు, ఎప్పటికీ. కింది వీధివాళ్ళు అప్పుడే నన్ను తిట్టడం మొదలెట్టారు, నా వల్ల వాళ్ళ నీళ్ళు ఆగిపోయాయని.

సెకుందినో వచ్చేసరికి మే సగం అవుతుంది. ఈ ఇంట్లో పుట్టినవాళ్ళం నువ్వూ నేనూ ఇద్దరమే మిగిలాం. వచ్చి తవ్వు. పాడుచేసింది నువ్వు.

దొమితిలా

*

తెగుసిగల్పా,
ఏప్రిల్

అక్కకి,

తవ్విన కాలవని పూడ్చి మళ్ళీ తవ్వాలా? బాబాయికి మతి పోయిందా, లేక మీ అందరికీ కలిపి పోయిందా? ఈ మాట ఆఫీసులో చెబితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. అందుకే ఇలాంటి ఊళ్ళు ఇలాగే ఉంటాయి.

నేను రాలేను. ఈస్టరు ముందు పవిత్ర వారానికి ఇంకో బృందం వస్తోంది, దాని వెనక ఇంకోటి. ఇది నా చేతికొచ్చిన మొదటి పెద్ద పని. మధ్యలో వదిలేసి మా అక్క కాలవ తవ్వాలి అని వెళితే మా పెద్దావిడ ఆ కుర్చీలో వేరే అమ్మాయిని కూర్చోబెడుతుంది. ఆ అమ్మాయి ఇప్పటికే కుర్చీ కొలతలు తీసుకుంటోంది.

అయినా నాకు అర్థం కాదు. ఫిబ్రవరిలో నువ్వేగా గొప్పలు పోయావు, మగాళ్ళు నవ్వడం మానేశారు అని. సగం ఒక్కదానివే తవ్వగలిగినదానివి. మళ్ళీ తవ్వుకో. ఇష్టం లేకపోతే గుక్కెడు మంచినీళ్ళు తాగి పడుకో. నీ పేరు కోసం నా ఉద్యోగం ఎందుకు పోవాలి?

నోల్వియా

*

కెబ్రాదా ఓందా,
ఏప్రిల్

నోల్వియాకి,

నేను తవ్వకూడదు. బుధవారం నేను లా ఎస్పెరాన్సా పోయింది ఆసుపత్రికి. మళ్ళీ కడుపుతో ఉన్నాను. మధ్యలో రక్తం కనబడింది, అందుకే పోయాను. పలుగు ముట్టుకోకూడదు, బిందె ఎత్తకూడదు, ఎత్తితే పోయినసారి లాగే అవుతుందని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. బిందె మాత్రం ఎత్తుతున్నాను, ఎత్తకపోతే ఎవరు తెస్తారు? సగం నింపుకుని రెండుసార్లు దిగుతున్నాను.

సెకుందినోకి కూడా చెప్పలేదు. పోయినసారి అందరికీ చెప్పుకున్నాను. తర్వాత ఒక్కొక్కరికీ లేదని చెప్పుకోవాల్సొచ్చింది. ఈసారి నీకొక్కదానికే చెబుతున్నాను, అదీ గతిలేక.

దొమితిలా

*

తెగుసిగల్పా,
ఏప్రిల్

అక్కా,

శనివారం బస్సుకి వస్తున్నాను. పలుగు పదును పెట్టించి ఉంచు. లోయలోకి దిగావో నేను మర్యాదగా ఉండను.

అప్పుడే ఎందుకు చెప్పలేదు అని నేను అడగను. అడిగితే కొట్టుకుంటాం. నేను తవ్వుతున్నంతసేపూ నువ్వు నాతో మాట్లాడకు, ఎలా తవ్వాలో అసలే చెప్పకు.

నోల్వియా

*

కెబ్రాదా ఓందా,
మే

నోల్వియాకి,

నువ్వు బస్సెక్కి వారమైంది. ఈ వారం నీకు రాద్దామా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

తవ్వావు. కాదనను. ఆ పిల్లలు చెక్కిన అంచుల్ని నువ్వు పూడుస్తుంటే నాకు కూడా మనసు చివుక్కుమంది, నేను చెప్పలేదంతే. గట్టు మీద కూర్చుని నిన్ను చూశాను. రాయి తగిలినప్పుడల్లా నువ్వు తిట్టే తిట్లు నాన్నవే. మూడో రోజు నీ అరచేతులకి గుడ్డ చుట్టింది నేనే. అవన్నీ నిజమే.

కానీ బాబాయి వచ్చే ముందురోజు నీకేం చెప్పాను? ఆయన అడిగితే, "మా అక్క తరఫున తవ్వాను" అను, ఆ ఒక్క ముక్క చాలు, పేరు నాకే వస్తుంది అని చెప్పాను. నువ్వు రొట్టె నములుతూ తలూపావు. తలూపడం నా కళ్ళతో చూశాను.

ఆయన వచ్చి, "ఎవరు తవ్వారమ్మా ఈ కాలవ?" అన్నాడు. నువ్వు గుడ్డలు చుట్టిన చేతులు నడుం మీద పెట్టుకుని, "నేను" అన్నావు. అంతే. నా వైపు కూడా చూడలేదు. "నోల్వియా, ఈ ఇంటి పిల్ల" అని ఆయన గట్టిగా అన్నాడు, అందరూ సరే అన్నారు. అయిపోయింది.

గొట్టం దించారు. నీళ్ళొచ్చాయి. నా వాకిట్లో కుళాయి ఉంది. నీ కుళాయి. మొన్న మీటింగులో ఎండిపోతున్న ఊట గురించి మాట్లాడదామని లేచాను. కలిస్తా, "నువ్వు కూర్చో తల్లీ, నీ చెల్లి రాలేదా?" అంది. బాబాయి తల దించుకున్నాడు గాని ఆవిణ్ణి కాదనలేదు. కూర్చున్నాను. కూర్చోకపోతే బయటికి పొమ్మంటారు. బయట గోడవార అమ్మ నిలబడ్డ చోటు ఖాళీగానే ఉంది.

జనవరి నుంచి ఈ ఒక్కదాని కోసమే తవ్వాను. మొదట నీ పిల్లలు తీసుకున్నారు, తర్వాత నువ్వు తీసుకున్నావు.

దొమితిలా

*

తెగుసిగల్పా,
మే చివర

అక్కకి,

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నాకు ఉద్యోగం పోయింది. శనివారం బస్సెక్కేముందే పోయింది. పవిత్ర వారం బృందం విమానం దిగే రోజున వెళ్ళిపోతావా అని పెద్దావిడ అడిగింది. వెళతానన్నాను. అయితే తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళు అంది. పెట్టేశాను. ఇప్పుడు ఇక్కడే నది అవతల కోమాయాగ్వెలాలో ఒక బట్టల కొట్లో నిలబడుతున్నాను. నీకు చెబితే జాలిపడతావని కాదు, నన్ను నెత్తిన పెట్టుకుంటావని కాదు. నీ కంటే నేనేం తక్కువ పోగొట్టుకోలేదని చెప్పడానికి రాస్తున్నాను.

ఆ రోజు సంగతి. తలూపినమాట నిజం. నీ తరఫున అని చెప్పాలనే నిలబడ్డాను. అక్కా, ఆ సంస్థలో ఎన్నో ఊళ్ళలో కాలవలు తవ్వించాను, గోడలు కట్టించాను, బోర్డుల మీద పేర్లు రాయించాను. అన్నీ చేయించాను. చేసింది ఒక్కటీ లేదు. ఆయనొచ్చి, ఎవరు తవ్వారు అని అడిగేసరికి, ఆ ప్రశ్నకి నేను అని చెప్పగలిగిన రోజు నా జన్మలో అదొక్కటే అనిపించింది. నోరు జారలేదు, కావాలనే అన్నాను. అందుకు నీకు కడుపు మండితే మండనీ.

ఇంకోటి కూడా ఉంది. మార్చిలో ఆయన నిన్నడిగినప్పుడు నువ్వు అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు. నువ్వు చెప్పని అబద్ధం నన్ను చెప్పమన్నావు. నీ నోటికే మర్యాద ఉందా, నా నోటికి లేదా?

ఆ కుళాయి నాకెందుకు? తెగుసిగల్పా నుంచి బిందె పట్టుకొస్తానా? పేరు నీకు మార్చమని బాబాయికి విడిగా రాస్తాను. తీసుకో, నీ పేరు నువ్వు.

నోల్వియా

*

కెబ్రాదా ఓందా,
జూన్

నోల్వియాకి,

నువ్వు రాసిన కాగితాన్ని బాబాయి సంఘం ముందు చదివించాడు. అందరూ విని, ఉత్తరం తవ్విన కాలవ ఇక్కడేదీ లేదన్నారు. పేరు మారదు.

అంతటితో అయిందా? ఈ నెల ఊరి పనికి, ఊట దగ్గర పూడిక తీయడానికి, నీ బదులు నేను వెళ్ళాను. ఏమీ ఎత్తను, ఊరికే ఆకులు ఏరతాను అన్నాను. ఇప్పుడు కడుపు కనబడుతోంది, దాచుకోవడానికేం లేదు. కలిస్తానే చూసి, "ఇంటికి పో, నీ మొహానికి పూడిక తీస్తావా" అని నా చేతిలో బుట్ట లాక్కుంది. సాయంత్రం ఒక బిందె పాలు తెచ్చి గుమ్మంలో పెట్టి మాట్లాడకుండా పోయింది. ఆవిడ తిట్టినా అర్థమయ్యేది, ఇది అర్థం కాలేదు.

బాబాయి చెప్పింది ఇది. తవ్వినవాళ్ళు నెలనెలా పనికి రావాలి. ఈ నెలకి వదిలేశారు. వచ్చే నెల రాకపోతే కుళాయికి బిరడా కొడతారు. పేరున్న మనిషి వచ్చేదాకా తీయరు. అన్నారంటే కొట్టే తీరతారు, నీకు తెలుసు.

కాబట్టి నెలనెలా రా. మొదటి శనివారం. బట్టల కొట్టువాడు వద్దంటే వాడితోనూ పోట్లాడు, నీకు అలవాటేగా. పని అయ్యాక మీటింగు ఉంటుంది, అందులో లేచి ఊట గురించి నేను చెప్పమన్నది చెప్పాలి. నీ సొంత తెలివి కలపకు. నేను బయట గోడవార నిలబడి ప్రతి అక్షరం వింటాను. ఒక్క ముక్క తప్పినా కిటికీలోంచి అరుస్తాను. నీకు అన్నం పెడతాను, దుప్పటి ఇస్తాను. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు. ఉద్యోగం సంగతి విన్నాను. నాకు ముందే చెప్పి ఉంటే నేను రావద్దనేదాన్నేమో. చెప్పకపోవడమే మంచిదైంది, రాకపోతే ఈపాటికి నేను లోయ దారిలో ఉండేదాన్ని. ఇంతకంటే మంచి మాట నా దగ్గర లేదు.

వచ్చే వేసవిలో పై వీధికి కొత్త గొట్టం వేస్తారట. మనకి అక్కడున్న మొక్కజొన్న చెక్కకి ఒక వంతు ఇమ్మని అడిగాను. తవ్వేవాళ్ళుంటే ఇస్తామన్నారు. ఉన్నారని చెప్పాను. అప్పటికి బిడ్డకి మెడ నిలుస్తుంది. బిడ్డని ఎత్తుకుని గట్టు మీద కూర్చునేది నువ్వు. కాలవలో దిగేది నేను. రాయి తగిలి నేను ఎంత తిట్టుకున్నా సరే, ఒక్క దెబ్బ సాయం వేస్తానని లేచావంటే ఆ పలుగుతోనే నీ కాళ్ళు విరగ్గొడతాను.

దొమితిలా